రహీం సాబ్ జట్టు, జకార్తా, 1962

ఈ పూట ఫుట్‌బాల్ గురించి మాట్లాడుకుందాం. రెండు మ్యాచ్‌ల కథ ఇది. రెండూ ఒకే ఊళ్లో జరిగాయి, ఒకే ప్రత్యర్థితో జరిగాయి. మధ్యలో గట్టిగా పది రోజులు కూడా లేవు. మొదటి మ్యాచ్‌లో మనవాళ్లు రెండు గోల్స్ తేడాతో ఓడిపోయారు. రెండో మ్యాచ్‌లో అదే జట్టును ఓడించి బంగారు పతకం మెడలో వేసుకున్నారు.

ఆ ఊరు ఇండోనేషియా రాజధాని జకార్తా. ఏడాది 1962. సందర్భం ఆసియా క్రీడలు. ప్రత్యర్థి దక్షిణ కొరియా. భారత జట్టుకు ఆట నేర్పి, వెంట నడిపించినాయన మన హైదరాబాద్ బడిపంతులు, సయ్యద్ అబ్దుల్ రహీం. ఊరందరికీ ఆయన రహీం సాబ్. మనమూ అలాగే పిలుద్దాం.

మీరు అఫ్జల్‌గంజ్‌లో బస్సు దిగారనుకోండి. ఒక పక్క స్టేట్ సెంట్రల్ లైబ్రరీ. ఇంకో పక్క ఉస్మానియా ఆసుపత్రి. నయాపూల్ దాటితే మూసీ అవతలి ఒడ్డున హైకోర్టు, దాని పక్కనే సిటీ కాలేజీ. నది వెంబడి తూర్పుకు వెళితే చాదర్‌ఘాట్. ఇంకాస్త వెళితే కాచిగూడ. ఒక పూటలో కాలినడకన చుట్టి రాగలిగేంత చోటు. రహీం సాబ్ జీవితంలో చాలా భాగం ఈ చుట్టుపక్కలే గడిచింది. ఆయన 1909లో హైదరాబాద్‌లోనే పుట్టారు. కాచిగూడ మిడిల్ స్కూల్లో, దారుల్ ఉలూం హైస్కూల్లో, చాదర్‌ఘాట్ హైస్కూల్లో పాఠాలు చెప్పారు. వ్యాయామ విద్యలో డిప్లొమా తీసుకుని పిల్లల ఆటపాటలు కూడా తనే చూసుకున్నారు. సిటీ కాలేజీ పూర్వ విద్యార్థుల జట్టుకు అప్పట్లో నగరంలో మంచి పేరు. సాయంత్రమైతే కుర్రాళ్లు బంతి పట్టుకుని మైదానానికి చేరేవాళ్లు. అలాంటి ఊళ్లో, అలాంటి బడుల మధ్య తయారైన కోచ్ ఆయన.

ఆయన వృత్తి బడిపంతులు. ఈ మాట గుర్తుపెట్టుకోండి. జకార్తాలో జరిగినదంతా ఈ మాట మీదే నిలబడి ఉంది.

రహీం సాబ్ పిల్లలకు ఆట ఎలా నేర్పేవారో చెబుతాను. మామూలుగా ఫుట్‌బాల్ పోటీ అంటే ఎవరు ఎక్కువ గోల్స్ కొడితే వాళ్లది గెలుపు, అంతే కదా. ఆయన పెట్టిన పోటీలు వేరు. ఒక పోటీలో డ్రిబ్లింగ్ నిషేధం. అంటే బంతిని కాళ్ల మధ్య తిప్పుకుంటూ ఒక్కడే ముందుకు పోకూడదు. బంతి అందగానే తోటివాడికి పాస్ ఇచ్చేయాలి. ఇంకో పోటీలో అలవాటైన కాలితో బంతిని తన్నకూడదు. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలి, ఎడమకాలి వాటం ఉన్నవాడు కుడికాలితోనే ఆడాలి.

ఒక్కసారి ఊహించుకోండి. పన్నెండేళ్ల పిల్లవాడు. బంతి సరిగ్గా కుడికాలి ముందుకొచ్చి ఆగింది. గోల్ ఎదురుగా ఉంది. కాలు దానంతటదే లేస్తోంది. కానీ తన్నకూడదు. ఒక అడుగు పక్కకు జరగాలి, ఒళ్లు తిప్పుకోవాలి, ఎడమకాలితో కొట్టాలి. మొదటిరోజు బంతి ఎటో పోతుంది. చుట్టూ ఉన్న పిల్లలు నవ్వుతారు. నెల తిరిగేసరికి ఆ ఎడమకాలు మాట వింటుంది. ఆ తర్వాత వాడు ఏ వైపు నుంచి వస్తాడో, ఏ కాలితో కొడతాడో ఎదుటివాడు పసిగట్టలేడు. దీనికి డబ్బు ఖర్చు లేదు, పెద్ద సరంజామా అక్కర్లేదు. పిల్లల్ని ఓపికగా చూసే కళ్లుంటే చాలు.

ఆ కళ్లతోనే ఆయన 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు బాధ్యత తీసుకున్నారు. ఆ జట్టు అప్పట్లో ముంబయిలో జరిగే రోవర్స్ కప్‌ను వరసగా ఐదేళ్లు గెలిచింది. మళ్లీ చెబుతాను, వరసగా ఐదేళ్లు. 1950 నుంచి 1954 దాకా ఆ కప్పు ఇంకొకరి చేతికి పోలేదు. 1950లోనే డ్యూరాండ్ కప్ ఫైనల్లో కలకత్తా దిగ్గజం మోహన్ బగాన్‌ను ఓడించింది. ఫుట్‌బాల్ అంటే కలకత్తా అని దేశమంతా అనుకుంటున్న రోజులవి. ఆ కలకత్తా జట్లకు ఎదురొడ్డి నిలిచింది మన పోలీసు కుర్రాళ్లు. 1961లో ఆంధ్రా పోలీస్ పేరుతో బరిలోకి దిగి, డ్యూరాండ్ ఫైనల్లో మళ్లీ అదే మోహన్ బగాన్‌ను ఒక్క గోల్ తేడాతో ఓడించారు.

భారత జట్టు కోచ్‌గా కూడా రహీం సాబ్ పెద్ద విజయాలే చూశారు. 1951లో ఢిల్లీలో జరిగిన తొలి ఆసియా క్రీడల్లో బంగారు పతకం ఆయన జట్టుదే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను ఓడించి నాలుగో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్‌లో భారత ఫుట్‌బాల్ అంతకంటే పైకి ఎప్పుడూ వెళ్లలేదు.

ఇక కొరియా సంగతికి వద్దాం.

దక్షిణ కొరియా అప్పటికి ఆసియాలో మహా గట్టి జట్టు. ఆసియా కప్ 1956లో వాళ్లదే, 1960లోనూ వాళ్లదే. పరుగులో అలుపు లేదు, ఆటలో సడలింపు లేదు. 1958లో టోక్యో ఆసియా క్రీడల సెమీఫైనల్లో మనవాళ్లు వాళ్ల చేతిలో ఓడిపోయారు. స్కోరు మూడు, ఒకటి. అంటే కొరియా మనవాళ్లకు తెలియని జట్టు కాదు. జకార్తాకు నాలుగేళ్ల ముందే మనవాళ్లను ఫైనల్‌కు చేరనివ్వని జట్టు.

నాలుగేళ్ల తర్వాత జకార్తా. మొదటి మ్యాచ్‌లోనే ఎదురుగా మళ్లీ కొరియా. మళ్లీ ఓటమి. రెండు, సున్నా. మనవాళ్లు ఒక్క గోలూ కొట్టలేకపోయారు. ఇక్కడితో ఈ జట్టు పని అయిపోయిందని ఎవరైనా అనుకుంటే వాళ్లను తప్పుపట్టలేం.

రహీం సాబ్ అలా అనుకోలేదు. మంచి పంతులు తప్పుల తడకగా ఉన్న జవాబు పత్రాన్ని పక్కన పడేయడు. పిల్లవాడు ఎక్కడ తడబడ్డాడో వేలు పెట్టి చూస్తాడు. ఆయనా ఆ ఓడిన మ్యాచ్‌ను అలాగే చూశారు. గెలుపు ఫైనల్ రోజున వచ్చింది, నిజమే. కానీ ఆ గెలుపుకు పునాది పడింది ఓడిన ఆ రోజునే. నేను ఈ కథ మీకు చెప్పాలనుకున్నది ముఖ్యంగా ఇందుకే.

తర్వాతి మ్యాచ్ థాయిలాండ్‌తో. మనం నాలుగు గోల్స్ కొట్టాం, వాళ్లు ఒకటి. గెలిచాం. కానీ ఆ గెలుపుకు చెల్లించిన మూల్యం పెద్దది. వెనక కోటగోడలా నిలబడే డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు దెబ్బ తగిలింది. కుట్లు పడ్డాయి. ఆ తర్వాత జపాన్‌పై రెండు గోల్స్‌తో గెలిచాం. అందులో ఒకటి తులసీదాస్ బలరాం కొట్టాడు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో, పేద ఇంట్లో పుట్టిన కుర్రాడు. రహీం సాబ్ కంటపడి, ఆయన చేతుల్లో రూపుదిద్దుకున్నవాడు.

జట్టు సెమీఫైనల్‌కు చేరింది. కానీ జర్నైల్ తలకు కట్టు ఉంది. డిఫెండర్ అన్నవాడు గాల్లోకి ఎగిరి తలతో బంతిని కొట్టి పంపాలి. అది ఒకసారి రెండుసార్లు కాదు, మ్యాచ్ పొడవునా. కుట్లు పడ్డ తలతో ఆ పని ఎలా చేస్తాడు? అలాగని అంతటి ఆటగాణ్ణి బయట కూర్చోబెట్టాలా?

రహీం సాబ్ ఏం చేశారో వినండి. జర్నైల్‌ను వెనక నుంచి తీసి ముందుకు పంపారు. డిఫెండర్‌ను ఫార్వర్డ్ చేశారు. గోల్ కాపలా కాసేవాణ్ణి గోల్ కొట్టే చోట నిలబెట్టారు. వెనక అతని బాధ్యతను అరుణ్ ఘోష్ భుజాన వేశారు. ఇది గుడ్డిగా చేసిన సాహసం కాదు. పంజాబ్‌లో కాలేజీకి ఆడే రోజుల్లో జర్నైల్ ఫార్వర్డ్‌గానే ఆడాడు. దేశానికి డిఫెండర్‌గా పేరు తెచ్చుకున్నాక ఆ సంగతి చాలామంది మరిచిపోయారు. రహీం సాబ్ మరిచిపోలేదు. తన దగ్గరున్న ప్రతి కుర్రాడూ ఎక్కడి నుంచి వచ్చాడో, ఏమేం ఆడాడో, ఏ కాలితో బాగా కొడతాడో ఆయన మనసులో రాసి పెట్టుకునేవారు.

సెమీఫైనల్లో దక్షిణ వియత్నాంపై మూడు, రెండుతో గెలిచాం. అందులో ఒక గోల్ జర్నైల్‌ది. తలకు కట్టుతో కొట్టిన గోల్.

ఇక ఫైనల్. ఎదురుగా ఎవరు? మళ్లీ కొరియా. 1958లో టోక్యోలో ఓడించిన కొరియా. పది రోజులైనా కాకముందు ఇదే జకార్తాలో ఓడించిన కొరియా.

మైదానం బయట ఇంకో కష్టం వచ్చిపడింది. ఆ క్రీడలకు ఇజ్రాయెల్, తైవాన్ జట్లను ఇండోనేషియా రానివ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలు అని ఎలా అంటామని భారత్‌కు చెందిన ఒలింపిక్ ప్రతినిధి జి.డి. సోంధీ గట్టిగా అడిగారు. దాంతో స్థానిక జనానికి భారత్ మీద కోపం వచ్చింది. మన రాయబార కార్యాలయం మీదికి గుంపు దాడికి వెళ్లింది. ఈ గొడవలో ఆటగాళ్ల పాపం ఏమీ లేదు. కానీ కోపాన్ని భరించాల్సింది వాళ్లే అయ్యింది. బస్సులో వెళ్లేటప్పుడు తలపాగాలున్న సర్దార్లు బయటికి కనబడకుండా సీట్ల మధ్య కిందికి వంగి కూర్చోవాల్సి వచ్చిందని ఆ ఆటగాళ్లు తర్వాతి కాలంలో చెప్పుకున్నారు. తలకు కుట్లున్న జర్నైల్ సింగ్ బస్సులో నేల మీద దాక్కుని ఫైనల్ ఆడటానికి వెళుతున్నాడు. ఈ దృశ్యం తలుచుకుంటే నాకు ఇప్పటికీ గుండె బరువెక్కుతుంది.

ఫైనల్‌కు ముందు రాత్రి రహీం సాబ్ కుర్రాళ్లను దగ్గర కూర్చోబెట్టుకున్నారు. రేపు మీరు నాకొక కానుక ఇవ్వాలి, బంగారు పతకం తేవాలి అని అడిగారు. ఆ మాటను పీకే బెనర్జీ, చున్నీ గోస్వామి వంటి ఆటగాళ్లు జీవితాంతం గుర్తుపెట్టుకున్నారు. రహీం సాబ్ ఆరోగ్యం అప్పటికే బాగా లేదు. దగ్గు వదలడం లేదు. అది ఊపిరితిత్తుల కాన్సర్. ఎన్నడూ ఆటగాళ్ల దగ్గర ఏమీ కోరని మనిషి ఆ రాత్రి నోరు తెరిచి ఒకటి అడిగారు.

ఆ ఫైనల్‌కు ఆయన ఇంకో నిర్ణయం తీసుకున్నారు. గోల్‌కీపర్‌గా పీటర్ తంగరాజ్‌ను దింపారు. హైదరాబాద్‌లో పుట్టిన ఆరడుగుల పైబడిన మనిషి. కొరియాతో మొదటి మ్యాచ్ ఆడాక జ్వరంతో పడ్డాడు. మధ్యలో గోల్ దగ్గర ప్రద్యోత్ బర్మన్ నిలబడ్డాడు, బాగానే ఆడాడు. అయినా ఫైనల్‌కు తంగరాజే కావాలన్నారు. కొరియన్లు గాల్లోంచి పంపే బంతులకు ఆ ఎత్తు మనిషే అడ్డుపడగలడని ఆయన లెక్క. ఆ లెక్క కూడా ఆయన మొదటి ఓటమిలోంచి తీసిందే.

సెప్టెంబరు 4. సెనాయన్ స్టేడియం. దాదాపు లక్షమంది జనం. వాళ్లలో మనకోసం అరిచేవాళ్లు ఎక్కడోగానీ లేరు. మన జాతీయగీతం వినిపిస్తుంటే ఈలలు, కేకలు. మనవాళ్ల కాలికి బంతి తగిలితే గోల. ఆ హోరులో పాకిస్తాన్ హాకీ ఆటగాళ్లు కూర్చున్న చోటి నుంచి మాత్రం మనకు చప్పట్లు వినిపించాయని మన ఆటగాళ్లు చెప్పారు. హాకీ ఫైనల్లో మనల్ని ఓడించినవాళ్లే ఫుట్‌బాల్‌లో మన పక్షాన నిలిచి అరిచారు.

ఆట మొదలైంది. పదిహేడో నిమిషం. పీకే బెనర్జీ గోల్. భారత్ ఒకటి, కొరియా సున్నా. జనం ఇంకా తేరుకోలేదు. ఇరవయ్యో నిమిషం. మళ్లీ గోల్. ఈసారి ఎవరు? జర్నైల్ సింగ్. తలకు కుట్లున్న జర్నైల్. వెనక నుంచి ముందుకు తెచ్చి నిలబెట్టిన జర్నైల్. భారత్ రెండు, కొరియా సున్నా.

మొదటి మ్యాచ్‌లో కొరియా మనమీద తీసుకున్న ఆధిక్యం గుర్తుందా? రెండు, సున్నా. సరిగ్గా అదే ఆధిక్యం ఇప్పుడు మనది.

అక్కడి నుంచి కొరియన్లు ఊపిరి సలపనివ్వలేదు. బంతి మన గోల్ మీదికి వస్తూనే ఉంది. వెనక అరుణ్ ఘోష్, త్రిలోక్ సింగ్ వంటివాళ్లు, వాళ్ల వెనక తంగరాజ్. ఆట ముగియడానికి ఐదు నిమిషాలుందనగా కొరియా ఒక గోల్ తిరిగి కొట్టింది. రెండు, ఒకటి. స్టేడియం మళ్లీ ఊగిపోయింది. ఆ ఐదు నిమిషాలు మన జట్టు ఎలా గడిపిందో ఆ ఆటగాళ్లకే తెలియాలి. చివరి విజిల్ మోగింది. భారత్ రెండు, కొరియా ఒకటి.

రహీం సాబ్ అడిగిన కానుక ఆయనకు అందింది.

ఆ తర్వాత తొమ్మిది నెలలే ఆయన బతికారు. 1963 జూన్ 11న కన్నుమూశారు. నిండా యాభై నాలుగేళ్లు కూడా లేవు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో మన హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్ నాయకత్వంలో భారత్ కాంస్యం గెలిచింది. ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన మగవాళ్ల జట్టు జకార్తా తర్వాత బంగారం మళ్లీ చూడలేదు. 2024లో రహీం సాబ్ జీవితం మీద మైదాన్ అనే హిందీ సినిమా వచ్చింది. ఆ సినిమా చూశాకే ఆయన పేరు మొదటిసారి విన్నామన్నవాళ్లు మన హైదరాబాద్‌లోనే నాకు చాలామంది తగిలారు. బలరాం 2023లో, తంగరాజ్ 2008లో పోయారు. వాళ్లు ఉన్నప్పుడు బడులకు పిలిచి, పిల్లల మధ్య కూర్చోబెట్టి ఈ కథ వాళ్ల నోటే చెప్పించుకోవాల్సింది. ఆ పని మనం తగినంతగా చేయలేదు. నాకు ఆ బాధ ఉంది.

ఇప్పుడు మన సంగతి. అఫ్జల్‌గంజ్‌కు కూతవేటు దూరంలో గోషామహల్ పోలీస్ స్టేడియం ఉంది. అక్కడ కొత్త ఉస్మానియా ఆసుపత్రి కట్టడానికి 2025 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఆసుపత్రి కావాలి. పాత భవనం శిథిలమై, వార్డుల్లోకి వాననీళ్లొచ్చి పేదరోగులు పడ్డ అవస్థ మనమంతా చూశాం. ఆసుపత్రి వద్దనే హక్కు ఎవరికీ లేదు. నేను అడిగేది ఒక్కటే. బేగంబజార్, సిద్దిఅంబర్ బజార్, గౌలిగూడ పిల్లలకు బంతి తన్నుకునే చోటు కూడా చూపించాలి. దుకాణాల మధ్య, ఆటోల మధ్య పెరుగుతున్న పిల్లలు వాళ్లు. ఆసుపత్రి లేకుండా బతకలేరు, మైదానం లేకుండా ఎదగలేరు. ఈ రెండూ వాళ్లకు దక్కాలి.

చోటు దొరికేదాకా ఆగక్కర్లేదు కూడా. వింటున్నవాళ్లలో ఉపాధ్యాయులుంటే, పీఈటీ సార్లుంటే, బస్తీ యువజన సంఘాలవాళ్లుంటే మీతో ఒక మాట. రహీం సాబ్ పెట్టిన పోటీ మీ బడి ఆవరణలోనే పెట్టండి. ఎంత చిన్న ఆవరణైనా ఫరవాలేదు. పక్కకు ఐదుగురు చొప్పున పిల్లలు చాలు. మొదటి ఆదివారం అలవాటు లేని కాలితో ఆడే పోటీ; అలవాటైన కాలితో తాకితే బంతి ఎదుటి జట్టుకు పోతుంది. రెండో ఆదివారం డ్రిబ్లింగ్ లేని పోటీ పెట్టండి. బంతి అందినవాడు వెంటనే పాస్ ఇవ్వాలి. గోల్ కర్రలు లేకపోతే రెండు ఇటుకలు పెట్టండి. ఆడపిల్లల్ని కూడా దింపండి. మొదటి వారం ఓడిన జట్టుకు అదే ప్రత్యర్థితో పది రోజుల్లోపల ఇంకో మ్యాచ్ తప్పకుండా ఇవ్వండి. ఈ మధ్యలో వాళ్లు ఎక్కడ తడబడ్డారో వాళ్లతోనే చెప్పించండి. ఎవరిని ఏ చోటికి మార్చాలో కూడా వాళ్లనే ఆలోచించుకోనివ్వండి.

ఆ రెండో మ్యాచ్ రోజున నన్ను కూడా పిలవండి. తప్పకుండా వస్తాను.